భూమితో సంధి

దీపము వెలుగుటకు రెండు తీగలు చాలును. ఆ దీపము క్రింద మనుష్యులు నిర్భయముగా నిదురించుటకు మూడవ తీగ యొకటి కావలెను. ఆ మూడవ తీగను మన పల్లెలవారు ‘ఎర్తు’ అందురు. గ్రంథములలో దానికి భూసంధానమని పేరు. అది వెలుగు నీయదు, పంపును త్రిప్పదు, నెలనెలకు లెక్కకు రాదు. కనుకనే ఖర్చు తగ్గింపదలచినవాడు మొట్టమొదట మానివేయునది ఆ తీగనే. దానివలన ఏమి మేలు కలిగినదో ఎవ్వరును గమనింపరు. అది లేనినాడు కలిగిన కీడు మాత్రము ఊరంతకును తెలియును.

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11వ తేదీన నిజామాబాదు జిల్లానుండి విడివడి ఏర్పడినది. కామారెడ్డి చుట్టును ఎఱ్ఱని చలక నేలలు, వానిలోనుండి పైకి పొడుచుకొని వచ్చిన రాతిగుండ్లు. యల్లారెడ్డి వైపున గాంధారి, లింగంపేట, నాగిరెడ్డిపేట ప్రాంతములలో అడవులు, అడవుల అంచున తండాలు. పడమట జుక్కల్, మద్నూరు దిక్కున నల్లరేగడి. ఇట్టి సీమలో కరెంటు స్తంభమునకు దూరముగా నున్న చేనిలోనో, మోటబావి ప్రక్కనో, అడవిపందులనుండి మక్కచేను కాపాడు కంచె వద్దనో రైతు ఒక సూర్యఫలకమును నిలుపుకొనుట నేడు వింత కాదు. ఒకటి రెండు ఫలకములు, ఒక బ్యాటరీ, ఒక కంట్రోలరు, వీలైనచో ఒక చిన్న ఇన్వర్టరు: ఇంతియే ఆ విద్యుత్కేంద్రము. దానికి లైన్‌మన్ లేడు, ఇంజనీరు లేడు, తనిఖీ చేయువారు లేరు. యజమానియే సర్వాధికారి. అట్టి చోట ఎర్తు ఎట్లు వేయవలెనను ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, దాని వెనుక రెండువందల డెబ్బది యేండ్లకు పైబడిన చరిత్ర యున్నది. ఆ చరిత్ర తెలిసినచో సమాధానము సులభముగా దొరకును.

ఎర్తు అనునది ఒకే పనికి పుట్టినది కాదు. పదునెనిమిదవ శతాబ్ది దానికొక పని అప్పగించెను. పందొమ్మిదవ శతాబ్ది వేరొకటి. ఇరువదవ శతాబ్ది మరియొకటి. పేరు మాత్రము ఒకటే. ఈ మూడు పనులను కలగాపులగము చేయుటయే నేటి పొరపాటులకెల్ల మూలము.

మొదటిది పిడుగు పని. పిడుగు పడునపుడు అర్జునుని పేరులు తలచుకొనుట మన ఇండ్లలో తరతరాల ఆచారము. భయము అన్ని దేశములకును సమానమే. ఐరోపాలో పిడుగు వేళ చర్చి గంటలు మ్రోగించెడివారు. గంటత్రాడు పట్టుకొన్నవారే పలుమారులు బలియగుచుండిరి. మెరుపును, రాపిడివలన పుట్టు విద్యుత్తును ఒకటేయని అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఊహించెను. ఆయన సూచన ననుసరించి 1752 మే నెలలో ఫ్రాన్సులోని మార్లీ గ్రామమున దాలిబారు ఎత్తైన ఇనుపకడ్డీ నిలిపి, మేఘము వచ్చిన వేళ దానినుండి నిప్పురవ్వలు రాబట్టించెను. ఆ ఊహ నిజమని లోకమునకు తెలిసినది.

మరుసటి యేడు, 1753లో, రష్యా రాజధాని సెంటుపీటర్సుబర్గులో గేయార్గ్ రిఖ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు అట్టి కడ్డీనే తన యింటి కప్పుపై నిలిపెను. మేఘవిద్యుత్తును కొలువదలచి దాని తీగను గదిలోని పరికరమునకు తెచ్చెను. భూమికి మాత్రము కలుపలేదు. గాలివాన వచ్చిన దినమున ఆయన పరికరమును చూచుటకు వంగియుండగా మెరుపు కడ్డీ వెంట దిగి, పోవుటకు వేరు దారి లేక, ఆయన నుదుటికి దూకెను. ఆయన అక్కడికక్కడే మరణించెను. కడ్డీ పిడుగును ఆపలేదు, ఆహ్వానించినది. వచ్చిన అతిథికి బయటికి పోవు ద్వారము లేకుండెను. ఫ్రాంక్లిన్ మాత్రము ఆ యేటి తన పంచాంగములోనే, కడ్డీ యొక్క క్రింది కొనను తేమగల నేలలో మూడు నాలుగు అడుగులు దింపవలెనని స్పష్టముగా వ్రాసియుండెను.

అయినను లోకము వెంటనే వినలేదు. 1769లో ఇటలీ దేశపు బ్రెషా నగరమున తుపాకిమందు దాచిన చర్చిపై పిడుగు పడి, నగరములో పెద్దభాగము నేలమట్టమైనది. ఆ తరువాతనే పిడుగుకడ్డీలకు ఐరోపాలో ఆదరణ పెరిగినది. ఈ శతాబ్ది నేర్పిన పాఠమిది: మింటినుండి వచ్చినదానికి మంటిలోనికి తిన్నని దారి యుండవలెను, ఆ దారి మనుష్యునికంటె సుగమమై యుండవలెను.

రెండవ పని తంతి తెచ్చినది. 1838లో జర్మనీలో స్టైన్‌హైల్ అను శాస్త్రజ్ఞుడు రైలుపట్టాలనే తంతితీగలుగా వాడజూచెను. విద్యుత్తు పట్టాల వెంట పోక నేలలోనికి జారిపోవుచుండెను. ఓటమివలె కనబడిన దానిలో ఆయన ఒక నిధిని కనుగొనెను: భూమియే తీగవలె పనిచేయగలిగినచో రెండవ తీగ ఎందులకు? పోవుటకు ఒక తీగ, తిరిగివచ్చుటకు భూమి. ఖర్చు సగమయ్యెను.

ఆ మరుసటి యేడు, 1839లో, కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్ర మాచార్యుడైన విలియం ఓషానసీ తాను నిర్మించిన ప్రయోగాత్మక తంతికి హుగ్లీ నదీజలమునే రెండవ తీగగా వాడెను. మన దేశమున తంతి చరిత్రకు అది నాంది. తరువాత కొన్ని దశాబ్దులలో తంతి స్తంభములు దేశమంతటను రైలుమార్గముల వెంట నడిచినవి. 1900 ప్రాంతమున గోదావరి లోయకు వేసిన నిజాము రాష్ట్రపు రైలుమార్గముపై కామారెడ్డి ఒక స్టేషనయ్యెను. ఆ కాలపు తంతికార్యాలయములలో గంట లోహపుపలకను తడినేలలో పాతిపెట్టుట తప్పనిసరి. వేసవిలో నేల యెండినచో వార్త మందగించును. భూమి యంతయు ఒకటి కాదనియు, తడిసిన నేల వేరు, ఎండిన నేల వేరు, రాతినేల వేరనియు తంతి ఉద్యోగులు అనుభవమున నేర్చుకొనిరి.

మూడవ పని విద్యుద్దీపములతో వచ్చినది. ఇండ్లకు విద్యుత్తు వచ్చిన తొలిదినములలో పండితులు రెండు పక్షములుగా చీలిరి. తీగలను భూమికి తగులకుండ దూరముగా నుంచుటయే క్షేమమని ఒక పక్షము. ఒక తీగను బుద్ధిపూర్వకముగా భూమికి కట్టివేయుటయే క్షేమమని రెండవ పక్షము. మొదటి వాదములో సత్యము లేకపోలేదు: భూమితో సంబంధము లేని తీగల జంటలో ఒకదానిని తాకినవానికి సాధారణముగా హాని కలుగదు. కాని ఎక్కడనో ఒక తీగ గోడకో చెట్టుకో ఒరసి తొలిలోపము ఏర్పడినప్పుడు ఎవ్వరికిని తెలియదు. రెండవ లోపము నాడు ప్రాణము పోవును. అదిగాక ఎక్కువ ఒత్తిడిగల పై తీగ తెగి ఇంటి తీగపై పడినచో దానిని భూమికి దించు దారి యుండదు. ఈ వాదమే చివరకు నెగ్గెను. అమెరికా విద్యుత్ నియమావళి 1913లో ఇంటికి వచ్చు ట్రాన్స్‌ఫార్మరు తీగలలో ఒకదానిని భూమికి కట్టుట తప్పనిసరి చేసెను. మన దేశమున 1910 నాటి విద్యుత్ చట్టమును ఆధారముగా చేసికొని వెలువడిన 1956 నాటి నియమములు వినియోగదారుని యింట ఎర్తు కొనను ఏర్పరచుటను, యంత్రముల లోహపు తొడుగులను భూమికి కట్టుటను శాసించినవి. 1966లో భారతీయ ప్రమాణముల సంస్థ ఎర్తు విధానమునకు ప్రత్యేకముగా 3043వ సంఖ్యగల ప్రమాణమును వెలువరించెను. అది 1987లోను, 2018లోను సవరింపబడినది.

ఆ దశాబ్దులలోనే విద్యుత్తు ఈ సీమకు చేరినది. అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ మంజీరపై 1923 మొదలు 1931 వరకు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దరు పర్యవేక్షణలో నిజాంసాగరము కట్టబడెను. 1950 దశకమున ఆ నీటితోనే విద్యుదుత్పత్తియు మొదలాయెను. 1959లో రాష్ట్ర విద్యుత్ మండలి, 1969లో కేంద్రప్రభుత్వపు గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన పిమ్మట స్తంభములు పల్లెపల్లెకు చేరినవి. వానితోపాటు ఉప్పు, బొగ్గు పొరలుగా వేసి నింపిన గుంతలు, వానిలో నిలిపిన జింకుపూత గొట్టములు మనకు పరిచయమయ్యెను. వేసవిలో ఆ గొట్టము తలపై గరాటుతో నీరు పోయు అలవాటు తంతికార్యాలయపు పాఠమే.

ఈ మూడవ పని యొక్క మర్మము చక్కగా తెలిసికొనవలెను. విద్యుత్తు భూమిలోనికి పోయి అంతమగునని మనలో పెక్కుమంది అనుకొందురు. అది సత్యము కాదు. విద్యుత్తు తాను పుట్టినచోటికి తిరిగి చేరగోరును. నది సముద్రమును వెదకునట్లు కాదు. సాయంకాలమున ఆవు తన కొట్టమును వెదకునట్లు. ఊరి ట్రాన్స్‌ఫార్మరు వద్ద నడిమి తీగను భూమికి కట్టినందువలననే, మన మోటారు తొడుగుకు పాకిన విద్యుత్తు ఎర్తు తీగ ద్వారా అక్కడికి మరలి, ఫ్యూజును కాల్చి, తనను తాను ఆపుకొనును.

అంకెలతో చూతము. మోటారు వద్ద ఎర్తు నిరోధము 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు వద్ద మరి 10 ఓములు అనుకొందము. 230 వోల్టులను 20తో భాగించినచో ప్రవహించునది పదకొండున్నర ఆంపియర్లు మాత్రమే. అక్కడ 16 ఆంపియర్ల ఫ్యూజున్నచో అది కాలదు. తొడుగు విద్యుత్తుతో నిండియే యుండును. కనుక గుంత త్రవ్వినంత మాత్రమున రక్షణ చేకూరినదని నమ్మరాదు. ముప్పది మిల్లీ ఆంపియర్లు దారి తప్పినంతనే సరఫరాను తెంచు రక్షణ స్విచ్చి యిందులకే పుట్టినది. 2022 జూలైలో కామారెడ్డి పట్టణమున బట్టలారవేయు తీగకు పాకిన విద్యుత్తు వలన ఒకే కుటుంబములోని నలుగురు మరణించిరి. బావుల వద్ద స్టార్టరు డబ్బా ముట్టి ప్రాణము గోల్పోయిన రైతుల కథ తెలంగాణములో ఏ మండలమునకును క్రొత్త కాదు. మూడవ తీగ విషయము పండితుల చర్చ కాదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇక సూర్యఫలకము. హుగ్లీ జలములో ఓషానసీ తంతి నడిపిన 1839వ సంవత్సరముననే ఫ్రాన్సులో ఎడ్మండ్ బెక్వెరల్ అను యువకుడు వెలుతురు సోకినప్పుడు కొన్ని లోహపు పలకలనుండి విద్యుత్తు పుట్టుట గమనించెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు సిలికానుతో పనికివచ్చు సౌరఘటమును నిర్మించిరి. మన దేశమున 1977లో సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తొలి సౌరఘటమును తయారుచేసెను. 2010లో జాతీయ సౌర కార్యక్రమము, 2019లో రైతుల సౌరపంపులకై కుసుమ్ పథకము వచ్చినవి. ఆకాశవిహారము చేయు ఉపగ్రహములకు మొదట వాడిన వస్తువు అర్ధశతాబ్దిలో మక్కచేని గట్టుకు చేరినది.

దానితోపాటు పాత వాదమును మరల తల యెత్తెను: ఫలకముల తీగలలో ఒకదానిని భూమికి కట్టవలెనా, వలదా? అమెరికా నియమావళిలో సౌరవిద్యుత్తుకు ప్రత్యేక అధ్యాయము 1984లో చేరినది. యాభై వోల్టులు మించిన యేర్పాటులో ఒక తీగను కట్టవలెనని అది విధించెను. ఐరోపావారు తీగలను కట్టక విడిచి, లోపమును కనిపెట్టు పరికరములను నమ్ముకొనిరి. 2005 నుండి అమెరికాయు ఆ రెండవ పద్ధతికి సమ్మతించెను. కాని ఒక్క విషయములో ఇరువురికిని భేదము లేదు: ఫలకపు లోహపుచట్రమును, దానిని మోయు ఇనుపకాళ్లను భూమికి కట్టవలెను.

ఇట్లు మూడు శతాబ్దుల పాఠములును చేని గట్టున నున్న ఆ చిన్న ఫలకము దగ్గర కలిసికొనుచున్నవి. ఒక్కొక్కదానిని దాని స్థానమున ఉంచి చూతము.

మొదటిది పిడుగు. మన దేశమున పిడుగుపాటు ఏటా రెండువేలమందికి పైగా బలిగొనుచున్నది. సామాన్యమైన పిడుగులో ముప్పదివేల ఆంపియర్లు ప్రవహించును. పది ఓముల ఎర్తులో అది దిగినచో, క్షణకాలము ఆ కడ్డీ తల మూడులక్షల వోల్టులకు లేచును. ఇప్పుడు ఫలకముల వద్ద ఒక కడ్డీ, ఇంటి వద్ద వేరొక కడ్డీ యుండి, రెంటికిని సంబంధము లేదనుకొందము. ఒకటి మూడులక్షల వోల్టులకు లేచును, రెండవది లేవదు. ఆ భేదమంతయు వాని నడుమ నున్న కంట్రోలరు, ఇన్వర్టరుల గుండా దారి చేసికొనును. ఎర్తు రెండుచోట్ల వేసినాము గనుక రెట్టింపు రక్షణ యనుకొన్నవాని పరికరములే మొదట కాలును. కావున ఎన్ని కడ్డీలు పాతినను వానినన్నిటిని ఒకే దళసరి తీగతో కలుపవలెను. అప్పుడు పిడుగు పడినను అన్నియు కలిసి లేచును, కలిసి దిగును. నడుమ నున్న పరికరమునకు భేదము తక్కువగా సోకును. ఆ తీగ తిన్నగా, పొట్టిగా నుండవలెను. మిగిలిన తీగను చుట్టగా చుట్టి గోడకు తగిలించుట అందముగా నుండవచ్చును గాని, పిడుగు అట్టి చుట్టలలో పోనొల్లక ప్రక్కకు దూకును. రిఖ్‌మన్ గదిలో జరిగినదియు ప్రక్కదూకుడే.

రెండవది నేల. తంతివారి పాఠమును ఇక్కడ స్మరింపవలెను. జుక్కల్ రేగడిలో పాతిన గొట్టము సులభముగా పనిచేయును. ఆ మన్ను తేమను పట్టియుంచును. కామారెడ్డి చలకలో, యల్లారెడ్డి రాతినేలలో అదే గొట్టము వేసవిలో పేరునకే ఎర్తు. ప్రమాణగ్రంథము ప్రకారము జింకుపూత గొట్టము 40 మిల్లీమీటర్ల వ్యాసమున, కనీసము రెండున్నర మీటర్ల పొడవున ఉండవలెను. రాయి అడ్డుపడి అంతలోతు దిగనిచోట గొట్టమును కోసి సగము పాతి తృప్తిపడరాదు. దూరదూరముగా మరి రెండు పాతి కలుపవచ్చును; లేదా పొడవైన కందకము త్రవ్వి జింకుపట్టీని పరువవచ్చును. పంపు నీరు పారుచోట, స్నానపు నీరు ఇంకుచోట గొట్టముండుట మేలు.

మూడవది ఇంటి రక్షణ. పండ్రెండు వోల్టుల ఫలకము మనుష్యుని చంపదు. తీగలు విడిచినప్పటికిని ఇరువది యొక్క వోల్టుల ప్రాంతముననే యుండును. అక్కడి భయము నిప్పు. సూర్యుడున్నంతసేపు ఫలకమును ఆర్పలేము. ఊరి కరెంటు క్షణమునకు నూరుమార్లు సున్నకు వచ్చిపోవును గనుక దాని నిప్పురవ్వ తానే యారును. ఫలకపు విద్యుత్తు ఏకధారగా పోవుటచే ఒకసారి రగిలిన రవ్వ ఆరదు. కావున బ్యాటరీకి ఆనుకొనియే ఫ్యూజుండవలెను. ఇన్వర్టరు వెలువరించు 230 వోల్టులు మాత్రము ఊరి కరెంటంత ప్రాణాంతకమే. దానికి ఊరి ట్రాన్స్‌ఫార్మరుతో సంబంధము లేదు. అది తనకు తానే ట్రాన్స్‌ఫార్మరు. ఇన్వర్టరు తీగలలో ఒకటి ఎక్కడను ఎర్తుకు కట్టబడకున్నచో, యింటి వెనుక ఎంత చక్కని గుంత త్రవ్వినను దారితప్పిన విద్యుత్తుకు ఇల్లు చేరు త్రోవ లేదు. రక్షణ స్విచ్చియు పనిచేయదు. అయితే ఆ ముడి ఒక్కచోటనే వేయవలెను. తయారీదారు సమ్మతించినచోటనే వేయవలెను. కొన్ని చవుక ఇన్వర్టరులలో అట్లు కట్టినచో అవి తక్షణము కాలిపోవును.

బ్యాటరీ వైపునను ఇదే జాగ్రత్త. సాధారణముగా ఋణతీగను కట్టుదురు. కాని కొన్ని కంట్రోలరులలో ధనతీగ ఉమ్మడిగా నుండి, నియంత్రణమంతయు ఋణతీగపై జరుగును. అట్టిదానికి ఫలకపు ఋణమును, బ్యాటరీ ఋణమును రెంటిని భూమికి కట్టినచో కంట్రోలరును దాటి భూమిగుండా దొడ్డిదారి ఏర్పడును. బ్యాటరీ అదుపులేక నిండి చెడును. ధనకొనను భూమికి కట్టుట అపచారమేమియు కాదు. టెలిఫోను కేంద్రములు తమ నలువది యెనిమిది వోల్టుల బ్యాటరీల ధనకొననే తీగలు తుప్పుపట్టకుండుటకై తరతరాలుగా భూమికి కట్టుచున్నవి. కట్టునది ఏ కొనయైనను కట్టుచోటు ఒకటే కావలెను.

చివరిగా ఒక చిన్న మాట. ఫలకపు చట్రము అల్యూమినియము. దానిపై కంటికి కనబడని గట్టిపొర యుండును. విద్యుత్తు దానిలో పోదు. తీగను చట్రమునకు చుట్టి ముడివేసినచో ఎర్తు వేసినట్లు కనబడును, వేసినట్లు కాదు. చట్రములో ఎర్తు గుర్తుగల రంధ్రమున, పొరను గీరు పండ్లవాషరుతో తుప్పుపట్టని బోల్టు బిగింపవలెను. రాగితీగను అల్యూమినియమునకు నేరుగా ఆనించినచో రెండు మూడు వానకాలములలో ఆ కీలు పొడియై రాలును. తగరపుపూతగల కొనను నడుమ నుంచవలెను. ఏటా మృగశిరకు ముందు, నాగళ్లు సరిచూచుకొను వేళ, ఈ కీళ్లనుకూడ బిగించి చూచుకొనుట రైతునకు బరువైన పని కాదు.

భూమి ఓర్పుగలది. మింటి పిడుగును, ఇంటి లోపమును ఒక్కతీరుగా తనలోనికి తీసికొనగలదు. కాని ఆమె వద్దకు దారి వేయవలసినవారము మనము. సెంటుపీటర్సుబర్గు మొదలు కామారెడ్డి వరకు సంభవించిన మరణములలో భూమి తప్పు ఎక్కడను లేదు; దారి లేకపోవుటయే కారణము. స్తంభములు చేరని చోట వెలుగును సంపాదించుకొన్న రైతు, ఒక గొట్టము, ఒక తీగ, నాలుగు బోల్టుల ఖర్చునకు వెనుదీయక ఆ దారిని కూడ వేసికొన్ననాడే ఆ వెలుగు సంపూర్ణముగా అతని సొత్తగును.